తుప్పు పట్టే చాకు

చోడవరం వ్యవసాయాఫీసులో అటెండరు కనకదుర్గ దగ్గర ఒక మడత చాకు ఉంటుందని చుట్టుపక్కల రైతుల్లో తెలియనివాళ్లు తక్కువ. విత్తనాల బస్తా కుట్టు విప్పాలన్నా, మట్టి నమూనా సంచికి కట్టిన పురికొస తెంపాలన్నా, కుళ్లు పట్టిందని ఎవరైనా చెరుకు గడ పట్టుకొస్తే దాన్ని చీల్చి ఆఫీసరు గారికి చూపించాలన్నా ఆ చాకే దిక్కు. "దుర్గమ్మా, ఒకపాలి సాకియ్యి" అని చెయ్యి చాస్తారు. ఆవిడ ఇవ్వదు. తనే లేచి వచ్చి, పని చేసిపెట్టి, చెంగుతో తుడిచి, మడిచి, నడుముకు దోపుకున్న గుడ్డ సంచిలో పెట్టేసుకుంటుంది. మరీ తప్పనిసరైతే బల్ల మీద పెట్టి, "తీసుకో" అంటుంది.

కొత్తవాళ్లు ఆవిణ్ణి పిసినారి అనుకుంటారు. అనుకోనీండి. చాకు చేతిలోంచి చేతిలోకి ఇస్తే ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ మధ్య తెగిపోతుందని ఆవిడ అత్తగారు అచ్చియ్యమ్మ నమ్మకం. ఉప్పూ, ఇనుమూ చేతికివ్వకూడదని మనందరం అంటూనే ఉంటాం, పక్కింటివాళ్లు అడిగితే ఇచ్చేస్తూనే ఉంటాం. ఆ ఇంట్లో మాత్రం అన్నమాట మీద నిలబడతారు.

నిజానికి ఆ చాకు ఆవిడది కాదు. ఆ కుర్చీ కూడా ఆవిడది కాదు. రెండూ ఆవిడ భర్త గౌరీశంకర్‌వి. ఒక వానాకాలం వచ్చిన జ్వరం అతన్ని తీసుకుపోయింది. పోయాక ప్రభుత్వం వారు అతని ఉద్యోగం పెళ్లానికిచ్చారు. అచ్చియ్యమ్మ అతని చాకు కోడలి ముందు గడప మీద పెట్టి, "రోడ్డున పడి తిరగాల నువ్వు. ఒంటి మీద ఇనుముండాల" అంది. కనకదుర్గను ఎవరూ ఏదీ కావాలా అని అడగలేదు. పెళ్లిసంబంధమూ అంతే, ఉద్యోగమూ అంతే. వచ్చినదాన్ని వచ్చినట్టు పుచ్చుకుని, దానికి తగ్గట్టు తనను సర్దుకోవడం ఆవిడకు అలవాటు.

ఆ చాకుతో ఆవిడకు అంతకు ముందే పరిచయం ఉంది. మా వైపు పెళ్లికొడుకు చేతిలో చాకు ఉంటుంది కదా, మొనకు నిమ్మకాయ గుచ్చి. రోలుగుంటలో పెళ్లిపీటల మీద కూర్చున్న కనకదుర్గ తల ఎత్తితే ఒట్టు. వంచిన తలకు కనబడ్డదల్లా పక్కనున్న మనిషి చెయ్యి, గేదెకొమ్ము పిడి ఉన్న ఈ చాకు, దాని మొనకున్న నిమ్మకాయ. మర్నాడు స్నేహితురాళ్లు చుట్టూ చేరి, "ఎలాగున్నాడే మీ ఆయన?" అంటే, "బొటనేలు పొడుగే" అంది. ఆ మాట గౌరీశంకర్ చెవిన పడి, బతికినన్నాళ్లూ ఆట పట్టించాడు. ఆ పొడుగు బొటనవేలు అతనికి తల్లి నుంచి వచ్చిందని ఆవిడ కాపురానికి వచ్చాక చూసింది.

అతను పోయిన కొత్తలో అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. కొట్లాడుకుని కాదు. ఇద్దరికీ ఒకటే దుఃఖం; ఎవరు నోరు విప్పినా రెండోవాళ్ల పుండు రేగుతుందని భయం. కూతురు ప్రవల్లిక చిన్నది, బడికి వెళ్లిపోయేది. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో శబ్దం ఉండేది కాదు. అలాంటి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చాకు అరుగు మీద పెడితే, అచ్చియ్యమ్మ దాన్ని తెరిచి చూసింది. చెరుకు రసం తడికి రేకంతా ఎర్రగా తుప్పు.

"నా కొడుకు దీన్నిలాగుంచేవోడు కాడు," అంది.

కనకదుర్గ ఏడ్చింది. ఆ మాట ఎత్తిపొడుపే కావచ్చుగానీ, ఇన్నాళ్లకు అత్త నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి మాట అది. అచ్చియ్యమ్మ కాసేపు చూసి, లేచి వెళ్లి కచిక బూడిద తెచ్చి, తోమి, కొబ్బరినూనె చుక్క వేసి, రేకు మీదా మడత సందులోనూ రాసింది. రాస్తూ రాస్తూ, "ఎవులొచ్చేరీయేళ ఆఫీసుకి?" అని అడిగింది.

అప్పట్నుంచీ అది ఆ ఇంటి సాయంత్రపు పూజ. కోడలు వచ్చి చాకు అరుగు మీద పెడుతుంది. అత్త తీసుకుని బూడిదతో తోముతుంది, నూనె రాస్తుంది, పదిసార్లు తెరిచి మూస్తుంది. ఈలోపు బుచ్చయ్యపేట నుంచి ఎవరొచ్చారు, ఎవరి చెరుకు ఎర్రకుళ్లు కొట్టింది, ఆఫీసరు గారి పెళ్లాం ఏం కూర పంపింది, అన్నీ చెప్పుకుంటారు. తెల్లారి చాకు మళ్లీ అరుగు మీద ఉంటుంది, కోడలు తీసుకుని వెళుతుంది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత చెప్పినవాడెవడో గానీ వాడు ఈ అరుగు చూసి ఉండడు. ఇప్పుడు ప్రవల్లిక విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటోంది. ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరూ, మధ్యలో ఆ చాకూ.

అలాంటి చాకు ఈ ఏడాది షుగర్ ఫ్యాక్టరీ క్రషింగ్ రోజుల్లో మోసం చేసింది. రావికమతం రైతు తెచ్చిన గడను కణుపు దగ్గర చీలుస్తుంటే, రేకును నిలబెట్టే కమాను అరిగిపోయి పట్టు వదిలేసి, రేకు వెనక్కి మడుచుకుని కనకదుర్గ చూపుడువేలు మీద పడింది. కుట్లు పడ్డాయి. ఆఫీసరు ప్రేమ్‌కుమార్ కుర్రవాడు, రక్తం చూసి ఆవిడకంటే ముందు తను కూలబడ్డాడు. తేరుకున్నాక, "దుర్గమ్మ గారూ, ఈ చాకు మళ్లీ ఆఫీసులో కనబడకూడదు. కొత్తది కొనుక్కోండి, మంచిది," అన్నాడు.

ఇంటికి వెళ్లాక అచ్చియ్యమ్మ కట్టు చూసి, "ఏటే అది?" అంది.

"వంకాయ తరుగుతుంటే తెగిందత్తా."

"ఆఫీసులో వంకాయలేటే?"

"అదే, రేకు డబ్బా మూత..." అని నసిగి, లోపలికి వెళ్లిపోయింది. అబద్ధం ఆడటం కూడా ఒక విద్య. ఆవిడకు అది పట్టుబడలేదు. చాకు మటుకు ఎప్పటిలాగే అరుగు మీద పెట్టింది. అత్త ఎప్పటిలాగే నూనె రాసింది.

నిజం చెప్పొచ్చుగా అంటారేమో. ఎలా చెబుతుంది? నీ కొడుకు చాకు పనికిరాదు, దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తెస్తున్నాను అని ఏ నోటితో చెప్పడం? చూపు మందగించి, నడుం వంగి, ఆ ముసలమ్మకు రోజంతటికీ మిగిలిన పని అదొక్కటే. అది కూడా లాగేసుకుంటే మళ్లీ ఆ గిన్నెల చప్పుడు రోజులు వస్తాయని కనకదుర్గ భయం. కొత్త చాకు కొనక తప్పదు. కానీ ఎలాంటిది కొనాలి?

ముందు కూతురికి ఫోన్లో చెప్పింది. "నువ్వు కంగారు పడకమ్మా, ఆన్‌లైన్‌లో పెట్టేస్తన్నాను," అంది ప్రవల్లిక. ఆఫీసు అడ్రసుకే వచ్చింది. ఎర్రగా, ముద్దుగా, సబ్బుబిళ్లంత ఉంది. ఒక పక్క లాగితే కత్తెర, ఒక పక్క సీసా మూత తీసేది, ఒక మూల పళ్లు కుట్టుకునే పుల్ల. కనకదుర్గ కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇందులో సాకెక్కడుందే?" అని ఫోను చేసింది. ఉందిట, గోరుతో లాగాలిట. అంట్లు తోమే చేతికి గోళ్లు ఎక్కడివి? వెనక్కి పంపించేసింది.

ఫ్యాన్సీ షాపులో ఒకటి చూపించారు. మీట నొక్కితే టకీమని మొన బయటికి దూకింది. కనకదుర్గ ఒక అడుగు వెనక్కి వేసింది. దీన్ని తీస్తే ఎరువు కోసం వచ్చిన రైతు పరుగో పరుగు అనుకుని, నవ్వొచ్చి, దండం పెట్టి బయటపడింది.

మెయిన్ రోడ్డు సామాన్ల కొట్లో దొరికింది చక్కటి చాకు. స్టీలుది. తేలిగ్గా ఉంది, పదునుగా ఉంది, మడత గట్టిగా ఉంది. ఆవిడ సంచి తీసింది కూడా. కొట్టాయన బేరం కుదిరిన హుషారులో, "జన్మలో తుప్పు పట్టదమ్మా. తోమక్కర్లేదు, నూని రాయక్కర్లేదు. అలా పడేయండి, అలాగే ఉంటది," అన్నాడు.

కనకదుర్గ చెయ్యి ఆగిపోయింది. తోమక్కర్లేకపోతే, నూనె రాయక్కర్లేకపోతే, సాయంత్రం అరుగు మీద అత్త ఏం చేస్తుంది?

"వొద్దు బాబూ," అంది.

"అదేటమ్మా, అంత మంచి సరుకు..."

"మంచిదే. నాకే వొద్దు."

ఆ కొట్టాయన ఈ రోజుకీ ఆవిడకు మతి చలించిందనే అనుకుంటున్నాడు.

ఇక మిగిలింది రావికమతంలో కమ్మరి పెదబాబు కొలిమి. గౌరీశంకర్ పెళ్లిచాకు అతని తండ్రి చేతి పనే. సెలవు రోజు చూసుకుని, ఆఫీసు పనుందని అత్తకు ఇంకో అబద్ధం చెప్పి, కనకదుర్గ షేర్ ఆటో ఎక్కింది.

పెదబాబు పాత చాకు తీసుకుని ఊపి చూశాడు. రేకు తలాడించింది.

"కమాను సచ్చిపోనాదమ్మీ. రేకూ అరిగిపోనాది."

"కొత్త రేకు ఎయ్యలేవా బాబాయ్, ఈ పిడికే?"

"మేకు ఊడదియ్యాల. ఊడదీస్తే ఈ కొమ్ము పగులుద్ది. నువ్వు సూస్తుండగా పగులుద్ది, నువ్వేడుస్తావు, నాకెందుకొచ్చిన పాపం." చాకు గోనె మీద పెట్టేశాడు. "దీన్నిలాగొగ్గీ. కొత్తది సూసుకో. ఎవులికి?"

"నాకే."

"ఆడదానికి జేబెక్కడిదే, జేబుసాకు కావాలంటే?"

"బొడ్లో సంచుంది. నువ్వు సరుకు సూపించు బాబాయ్."

గోనె మీద చాకులు పరిచాడు. లారీ కమాను పట్టీలు సాగగొట్టి చేసినవి. ఒకటి మరీ బరువు. ఒకటి ఇత్తడి పిడి, చేతికి చెమట పడితే జారేట్టుంది. ఒకటి మొన మరీ సూది, ఆఫీసు పనికి కాదు. చివర్న తుమ్మచేవ పిడితో చిన్నదొకటి ఉంది. దాన్ని తీసి తెరిచింది. గోరుతో పని లేకుండా రెండు వేళ్లతో వచ్చింది. గట్టిగా నిలబడింది. కొలిమి పక్కనున్న చెరుకు ముక్క తీసుకుని కణుపు మీద పెట్టి నొక్కితే నిలువునా చీలింది, చేతికి బాధ తెలియకుండా.

ఆవిడ అరచెయ్యి తిప్పి చూసుకుంది. బొటనవేలు మొదట్లో కాయ కాసిన చోటు. ఇన్నేళ్లూ ఆ కాయ పనివల్ల అనుకుంది. కాదు, చాకు పెద్దదవడం వల్ల. ఆయన చేతికి చేసిన పిడిని తన చేత్తో పట్టుకుని నెట్టుకొచ్చింది. ఇది తన చేతికి సరిపోయింది. ఎవరూ ఇవ్వకుండా, తనంతట తను వెతుక్కుని, ఇది కావాలి అనుకున్న వస్తువు ఆవిడ జీవితంలో బహుశా ఇదే. సంతోషం వేసింది. వేసిన వెంటనే గౌరీశంకర్ గుర్తొచ్చి సిగ్గూ వేసింది. సంతోషం మాత్రం పోలేదు.

"దీనికి తుప్పు పట్టుద్దా బాబాయ్?"

పెదబాబుకు కోపం వచ్చింది. "ఇనుమన్నాక పట్టదేటి? రోజూ తుడిసి నూని రాసుకుంటే నీ మనవల దాకా వొస్తది. రాయకపోతే వారానికి ఎర్రబడిపోద్ది. ఆ మాత్రం ఓపిక నేకపోతే బజార్లో స్టీలు ముక్క కొనుక్కో, పో."

"ఇదే కావాల. ఇదే ఇయ్యి," అంది కనకదుర్గ, తుప్పు పట్టడం ఏదో వరమైనట్టు. పెదబాబు తెల్లబోయాడు. అంతలోనే ఏదో తట్టి, చాకు మళ్లీ గోనె కిందికి తోసేశాడు.

"ఈయేళ శనారమే! శనారం పూట ఇనుము ఇంటికట్టుకెళ్తే మీ అత్త నిన్నొగ్గేసినా నన్నొగ్గుద్దేటి? సోమారం సంతోష్‌కుమార్ ఆటోలో అంపిస్తాను."

ఇన్ని రోజులు కొట్లన్నీ తిరిగిన మనిషి వారం సంగతి మరిచిపోయింది. చూడండి మరి. "ఆఫీసుకి అంపించు బాబాయ్. ఇంటికొద్దు," అని మరీ మరీ చెప్పింది. అత్తకు మెల్లగా, మంచి మాట చూసుకుని, తనే చెప్పాలని ఆవిడ ఆలోచన.

సోమవారం ఆఫీసు ముందు ఆటో ఆగిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్లింది. సాయంత్రం దాకా చాకు రాలేదు. గేటు దాటుతుండగా సంతోష్‌కుమార్ ఎదురుపడ్డాడు. వాళ్ల వీధివాడే.

"అక్కా, పెదబాబు ఇచ్చిన సాకు మీ ఇంటికాడ ఇచ్చేసేను. ఆఫీసుకి సాకులూ కత్తులూ తెస్తే మీ సారు ఏటనుకుంటాడోనని. భయం నేదు, సేతికియ్యలేదులే. అరుగు మీదే ఎట్టేను." మెచ్చుకుంటుందని నిలబడ్డాడు పాపం.

కనకదుర్గ చెరుకు లారీల పక్కనుంచి, ఫ్యాక్టరీ మడ్డి వాసన మధ్యనుంచి ఎలా నడిచిందో ఇల్లు చేరింది.

అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కొత్త చాకు తెరిచి ఉంది. దీపం పెట్టలేదు. కనకదుర్గ ఏం చేయాలో తోచక, సంచిలోంచి పాత చాకు తీసి ఎప్పటిలాగే అరుగు మీద పెట్టింది. అత్త దాన్ని తీసుకోలేదు.

"ఏలు దీనివల్లే తెగిందా?"

"అవునత్తా."

"నాకు తెల్దనుకున్నావేటే? రోజూ తెరిసి మూసేది నాను. కమాను పోనాదని నా ఏళ్లకి ఎప్పుడో తెలిసింది." ముసలమ్మ పాత చాకును వేలితో తట్టింది. "సెప్తే కొత్తది కొనేస్తావని నోరు మూసుకున్నాను. స్టీలుది తెస్తావు, ఇంక నాకేటి పనుంటాదని. నీ ఏలికి కట్టు సూసేక సిగ్గుతో సచ్చిపోనాను."

కనకదుర్గ అత్త కాళ్ల దగ్గర కూలబడింది. తను దాచిందే తప్పనుకుంది ఇన్నాళ్లూ. అత్తా దాచింది, అదే భయంతో.

అచ్చియ్యమ్మ కొత్త చాకు రేకు మీద బొటనవేలు రాసి, మసకచూపుతో కళ్ల దగ్గరగా పెట్టుకుంది.

"ఇది తుప్పు పట్టే ఇనుమే కదే. స్టీలుది దొరకలేదేటి?"

"దొరికింది."

"మరి?"

"నూని రాయక్కర్లేదన్నాడత్తా. అందుకే వొద్దన్నాను."

అచ్చియ్యమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత పాత చాకు తీసి, బూడిదతో తోమి, నూనె రాసి, మడిచి తన రొండిని దోపుకుంది. "ఇది నాకుంచీ. వక్కలు కోసుకుంటాను. నా కొడుకుది," అంది. కొత్త చాకు అందుకుంది. కచిక పొడి కోసం వెతుక్కుంటూ, "ఊఁ, ఎవులొచ్చేరీయేళ ఆఫీసుకి?" అంది.

మర్నాడు పొద్దున్న కనకదుర్గ క్యారేజీ సర్దుకుని వచ్చేసరికి అరుగు మీద చాకు లేదు. చెప్పుల కోసం గడప దగ్గర తల వంచింది. వంచిన తలకు ఒక చెయ్యి కనబడింది. పొడుగాటి బొటనవేలు. తుమ్మచేవ పిడి, నూనెతో మెరుస్తున్న రేకు, మొనకు గుచ్చిన నిమ్మకాయ.

"కొత్త ఇనుముకి దిష్టి తియ్యాల," అంది అచ్చియ్యమ్మ గొంతు. "తీసుకో."

"కింద పెట్టత్తా, తీసుకుంటాను."

"పెట్టను."

"సేతికిస్తే తెగిపోద్దని నువ్వే..."

"మనిద్దర్నీ తెంపే ఇనుము ఏ కొలిమిలో కాలుద్దే? తీసుకో, ఆటో ఎల్లిపోద్ది."

పెళ్లిపీటల మీద ఎత్తలేకపోయిన తలను కనకదుర్గ ఇప్పుడు ఎత్తింది. అత్త ముఖంలోకి చూసింది. రెండు చేతులూ చాచి చాకు పుచ్చుకుంది.